గూడు ట్రయల్ వెర్షన్

కుప్పం గ్రానైట్ క్వారీ నీళ్ళలో ఏజెంట్ ఉషా శవం తేలింది. 'గూడు' గుట్టు తెలుసుకున్నందుకు చంపేశారు. తోటి ఏజెంట్ దేవేంద్ర ఆమె ముఖం మీద గుడ్డ కప్పాడు.

"ఇంక నీ వంతప్పా," అన్నాడు చీఫ్ లక్ష్మీపతి.

బ్రీఫింగ్ చిన్నదే. మదనపల్లెలో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ సరిహద్దు డ్రోన్లకు ప్రోగ్రామ్ రాస్తోంది. పని వివరాలు అందరూ ఒకేచోట రాసుకోవడానికి డాక్యుమెంటేషన్ టూల్ ఒకటి ఓట్లు వేసి ఎంచుకోబోతోంది. పోటీలో ఉన్నవాటిలో గూడు విదేశీ ముఠాది. అందులో రాసిందల్లా సముద్రం దాటిపోతుంది. దాన్ని అమ్మడానికి తిరుగుతున్న అందగత్తె పేరు ప్రీతి. ముఠా ఆమెను తనదనుకుంటోంది. ఆమె మనది.

"ఆ పాపనన్నా ప్రాణంతో తీసుకురా," అన్నాడు చీఫ్.

పుంగనూరు పశువుల సంత. దేవేంద్రది దళారి వేషం. చేతికర్రలో ట్రాన్స్‌మిటర్. ప్రీతి నల్లకళ్ళద్దాలతో దిగింది, బెంగళూరు ఫామ్‌హౌస్‌కి పొట్టి ఆవు కొనడానికి వచ్చినట్టు. వెంట ముఠా కాపలావాడు. నడుమెత్తు ఆవు తల విదిలించేసరికి వాడు బెదిరి కారు చాటుకు పోయాడు.

"ఏమ్మా, నీ బాడీగార్డుకు ఇంకో బాడీగార్డు కావల్లనే!" అంది ఆవు పట్టుకున్న మంగమ్మ. సంత నవ్వింది.

ఆ సంతలో బేరం నోటితో చెప్పరు. తువ్వాలు కింద వేళ్ళు పట్టి చెబుతారు. ప్రీతి చెయ్యి తువ్వాలు కిందికి వచ్చింది. చల్లగా ఉంది. అంకె తర్వాత అంకెగా పాస్‌వర్డ్ అందింది.

"ఓటింగ్ ఆపినా లాభం లేదు," అంది పెదవి కదపకుండా. "ట్రయల్‌కే అసలు పేపర్లు ఎక్కించేసినారు మీవాళ్ళు. డమ్మీవి పెట్టండంటే, మళ్ళా టైపు కొట్టే పని యాలన్నారు. మద్యానం రెండు గంటలకు కాపీ వాళ్ళకు పోతాది. నా లాగిన్‌తోనే తుడవల్ల."

"తుడిస్తే?"

"తుడిచినోళ్ళ పేరు పడతాది. అప్పుడే వాళ్ళకు అలారం."

"అయితే ముందు నువ్వు కుప్పంలో రైలెక్కు. చీఫ్ ఆడనే ఉండాడు. ఎక్కినావని ఫోన్ వచ్చినాకే తుడుస్తా."

"రాకపోతే?"

ఆమె వేళ్ళు అతని వేళ్ళను గట్టిగా పట్టి వదిలాయి. అది అంకె కాదు.

మదనపల్లె ఆఫీసు. దేవేంద్ర ఇప్పుడు కొత్త టెస్టర్. టీమ్ ఓటింగ్‌లో ఉంది.

"యా టూల్‌లో ఎతికినా ఏమీ దొరకదక్కా," అన్నాడు నల్లప్ప.

"నువ్వు రాసుంటే గదా దొరికేదానికి!" అంది టీమ్ లీడర్ పావని.

అందరూ నవ్వారు. దేవేంద్ర ప్రీతి లాగిన్‌తో గూడు తెరిచి, డిలీట్ కీ మీద వేలు పెట్టుకుని ఫోన్ వైపే చూస్తున్నాడు. రెండు కావస్తోంది. కుప్పం నుంచి ఫోన్ లేదు. ఇంకాస్త ఆగాడు. లేదు. తెర మీద 'కాపీ మొదలవుతోంది' అని పడింది.

నొక్కాడు.

పేపర్లన్నీ పోయాయి. ఖాళీ తెర మీద ఒక్క లైన్ మిగిలింది: తుడిచినవారు, ప్రీతి.

అప్పుడు మోగింది ఫోన్.

"రైలు పోయిందప్పా," అన్నాడు చీఫ్. "పాప రాలే. పలమనేరు దారిలో కారొకటి నిలబడుండాదంట. తలుపులు తెరిచే ఉండాయంట."

ఇద్దరూ ఫోన్ పెట్టడం మరిచారు.

సాయంత్రం ఓట్లు లెక్కపెట్టారు. గూడుకు ఒక్కటీ పడలేదు.

"దాంట్లో పెట్టిన పేపర్లు కూడా కనపడ్లేదక్కా," అన్నాడు నల్లప్ప.

"పోతే పోనీలే, మన సర్వర్‌లో ఉండాయి గదా. అయినా దాన్నెవరు వాడతారప్పా! ఆ రంగుకే కళ్ళు మండుతాండాయి," అంది పావని. మూలన కళ్ళు తుడుచుకుంటున్న దేవేంద్రను చూపించింది. "సూడు, కొత్తాయనకూ మండుతాండాయి."