ఖో అనేదాకా

నిఖిలకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఏదో ఒక రోజు భర్త నవనీత్ తనతో మాట్లాడడం పూర్తిగా మానేస్తాడని.

చిన్న భయాలు వేరే ఉన్నాయి. గ్యాసు కట్టేశానా లేదా అని లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కి రావడం, నిద్రపోతున్న కూతురు బుజ్జిదాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడడం, కిటికీ గొళ్ళెం లాగి చూడడం, మళ్ళీ లాగి చూడడం. అవన్నీ చీమల్లాంటివి. పాకుతాయి, కుడతాయి, పోతాయి. ఈ పెద్దది మాత్రం అద్దె కట్టకుండా ఇంట్లో తిష్ట వేసుకుని కూర్చుంది.

డిగ్రీ మొదటి ఏడు సగంలో ఉండగా "సింగపూర్ సంబంధం, సాఫ్ట్‌వేర్ కుర్రాడు" అన్నారు. ఐటీ అంటే చాలు ఊళ్ళకి ఊళ్ళు లేచి కూర్చుంటున్న రోజులవి. పుస్తకాలు అటకెక్కాయి, నిఖిల విమానం ఎక్కింది. పాలకొల్లులో గలగలలాడిన నోరు సింగపూర్‌లో పుంగ్గోల్ ఫ్లాటుకొచ్చేసరికి మూతపడింది.

నవనీత్ మంచివాడే. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకుకి పని చేస్తాడు. అరవడు, అలగడు. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తాడు.

"బుజ్జిది తిందా?"

"తింది."

"సరే."

కాపురం మొత్తం ఆ మూడు ముక్కల మీద నడుస్తోంది. చదువు ఆగిపోయిన పిల్లతో ఇంకేం మాట్లాడతాడులే అని ఆమె తనకు తానే జవాబు చెప్పుకునేది. ఆ జవాబు రాత్రిళ్ళు నిద్ర పట్టనిచ్చేది కాదు.

ఇదిలా ఉండగా శనివారాలు మొదలయ్యాయి. "ఆఫీసులో పని" అని మధ్యాహ్నం వెళ్ళి సాయంత్రం తిరిగొస్తాడు. ముఖం వెలిగిపోతూ ఉంటుంది. ప్యాంటు మోకాళ్ళు మాత్రం పచ్చగా ఉంటాయి.

"ఏం నిఖిలా, ఆ ప్యాంటు పట్టుకుని జపం చేస్తున్నావ్?" అంది తారాదేవి ఆంటీ. ఎదురు ఫ్లాటు ఆవిడ. ఆవిడ వచ్చి ముప్పై ఏళ్ళయింది, కనక ఈ దేశంలో జరిగే ప్రతిదానికీ తనే పెద్ద దిక్కు.

"మోకాళ్ళు చూడండాంటీ."

ఆంటీ కళ్ళద్దాలు సర్దుకుంది. "గడ్డి మరక! ఏమ్మా, మీ ఆయన ఆఫీసులో గడ్డి మొలిచిందా?"

నిఖిల నవనీత్ బ్యాగులోంచి ఇంకోటి తీసి చూపించింది. ఊదారంగు రబ్బరు బ్యాండు. దానికి రెండు పొడుగాటి వెంట్రుకలు.

"ఐయో!" ఆంటీ కుర్చీ లాక్కుంది. "మా ఆయన కూడా ఒకప్పుడు ఓవర్‌టైమ్ అనేవాడు. వెంబడిస్తే ఏం దొరికిందో తెలుసా? చేపల గాలం! పాసిర్ రిస్ సముద్రం ఒడ్డున కూర్చుని చేపలు పట్టేవాడు."

"అయితే ఇదీ అలాంటిదేనంటారా?"

"అలా ఎలా చెప్తాం? చేపలకి జుట్టుండదు కదమ్మా."

ఆ వారమంతా నిఖిల కాలు ఒకచోట నిలవలేదు. పప్పు మాడింది. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది. శనివారం నవనీత్ గుమ్మం దాటగానే, బుజ్జిదాన్ని తోపుడు బండిలో కూర్చోబెట్టి, ఊదారంగు బ్యాండును సాక్ష్యంగా హ్యాండుబ్యాగులో వేసుకుని, వెనకే బయల్దేరింది.

ఔట్రమ్ పార్కు స్టేషన్లో చాంగీ వైపు రైలు ఎక్కాల్సినవాడు ఎదురు ప్లాట్‌ఫారానికి నడిచి జురాంగ్ రైలు ఎక్కాడు. నిఖిల పక్క పెట్టెలో ఎక్కింది. ఒక స్టేషన్‌కి ఏడుపు డైలాగు అనుకుంది, ఇంకో స్టేషన్‌కి కోపం డైలాగు. "మా పుట్టింటికి టికెట్ కొనిపెట్టండి" అన్నది రిహార్సల్‌లో బాగా పండింది. కానీ బండిలోంచి బుజ్జిది ఇకిలించి దాన్ని చెడగొట్టింది.

జురాంగ్ వెస్ట్‌లో అపార్ట్‌మెంట్ బ్లాకుల మధ్య ఒక పెద్ద గడ్డి మైదానం. మబ్బు పట్టి ఉంది. అక్కడ ఓ పాతికమంది కుర్రకారు గోలగోలగా ఉన్నారు. కొందరు యూనివర్సిటీ పిల్లల్లా ఉన్నారు, కొందరు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళలా ఉన్నారు. నిఖిల ఇంకా అటూ ఇటూ చూస్తూనే ఉంది, జుట్టు విరబోసుకున్న ఒక అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఎవర్నన్న దేవులాడుతున్నరా? నా పేరు రుచిత. మాది వరంగల్. మాకు ఒక్కరు తక్కువైన్రు. ఖోఖో వస్తదా మీకు?"

నిఖిల చూపు ఆ జుట్టు మీదే ఉంది. పొడుగాటి జుట్టు. నోట మాట వచ్చేలోపే వెనకనుంచి గొంతు వినిపించింది.

"నిఖిలా! బుజ్జిదానికేమైంది?"

నవనీత్. చేతిలో ఈల. ముఖంలో రక్తం లేదు.

"బుజ్జిదానికేం కాలేదు" అంది నిఖిల. "ఇదేనా మీ ఆఫీసు? బాగుంది. ఏసీ కూడా ఉన్నట్టుంది."

అందరూ ఇటు తిరిగారు. పృథ్వీ అనే కుర్రాడొకడు, పాలిటెక్నిక్ చదువుతున్నవాడు, సింగపూర్ యాస ఇంగ్లీషులో గట్టిగానే గుసగుసలాడాడు. "అలామా! కోచ్ వైఫ్ ఆహ్? కోచ్, యూ డై ఆల్రెడీ లా!"

రుచిత ఇవేవీ పట్టించుకోలేదు. "అన్నా, పోయిన వారం నా రబ్బర్ బ్యాండ్ నీ బ్యాగుల ఇడిసిపెట్టిన. తెచ్చినవా?"

నిఖిల చెయ్యి తనంతట తానే హ్యాండుబ్యాగులోకి వెళ్ళి సాక్ష్యాన్ని బయటికి తీసింది.

"అబ్బ, వదినె తెచ్చింది! అన్నకైతే యాదే ఉండదు. థాంక్స్ వదినా!" అని ఆ పిల్ల అక్కడే జడ బిగించేసుకుంది.

రైల్లో తయారు చేసుకున్న డైలాగుల్లో ఒక్కటీ పనికిరాలేదు. నిఖిలకు నవ్వు రావాలి, కానీ ఏడుపొచ్చేలా ఉంది. "నాకెందుకు చెప్పలేదు?" అంది మెల్లగా.

"చెప్తాను. ఆట అయ్యాక మొత్తం చెప్తాను."

"గొడవ తర్వాత, ఆట ముందు!" అని మైదానం కొసనుంచి ఒక పెద్దాయన కేకేశాడు. "వాన ముంచుకొస్తోంది. కూర్చో తల్లీ. పాపని నాకివ్వు."

ఆయన దశరథరామయ్యగారు. కొడుకు దగ్గరికొచ్చి పగలంతా ఫ్లాటులో ఒక్కడూ గోడలు చూస్తుంటే, నవనీత్ పిలుచుకొచ్చి ఆయన్ని స్తంభంగా నిలబెట్టాడు. ఖోఖోకి రెండు కొసలా రెండు స్తంభాలు కావాలి, ఇక్కడ గుంజలు పాతనివ్వరు. "స్తంభాన్ని కనక కదలకూడదు. పిల్లని ఎత్తుకోవడానికి నాకన్నా మంచి మనిషి దొరకడు" అన్నాడాయన. బుజ్జిది వెళ్ళీ వెళ్ళగానే ఆయన కళ్ళద్దాలు పీకింది.

నిఖిల చీరకొంగు దోపి వరుసలో కూర్చుంది. పదో తరగతిలో జోనల్స్ దాకా ఆడిన కాళ్ళు, ఎలా ముడుచుకోవాలో వాటికి గుర్తుంది. ఒక మోకాలు పైకి, వేళ్ళు నేలకి నొక్కిపెట్టి. తన పక్కనే, ఎదురు దిక్కుకి తిరిగి, రుచిత కూర్చుంది.

"ఆట చిన్నదే గానీ రూల్ పెద్దది వదినా" అంది ఆ పిల్ల తల తిప్పకుండానే. "మనం ఎవరికన్న ఖో ఇస్తం గద, వారం నడుమల వాళ్ళకు మనం ఫోన్ చెయ్యాలె. బాగున్నవా అని అడుగొద్దు. అడిగితే అందరు బాగనే ఉన్న అంటరు. ఏం తిన్నవ్, ఎప్పుడు పండుకున్నవ్ అని అడగాలె."

"ఎందుకలా?"

"నేను సెమిస్టర్ మొత్తం క్లాసుకు పోలే. తలుపేసుకుని పండుకునుడే. అమ్మ ఫోన్ చేస్తే బాగనే ఉన్న అంటుంటి. అన్న ఒకనాడు అచ్చి తలుపు కొట్టి, ఏం తిన్నవ్ అన్నడు. ఏం తిన్ననో యాదికి రాలే. ఏడ్చిన."

ఈల మోగింది.

నవనీత్ తరుముతున్నాడు, పృథ్వీ వరుస మధ్య పాములా మెలికలు తిరుగుతున్నాడు. ఖో, ఖో, ఖో. వీపు మీద చరుపు పడ్డవాళ్ళు లేచి దూకుతున్నారు, చరిచినవాళ్ళు వాళ్ళ చోట కూర్చుంటున్నారు. నిఖిలకు ఎవరూ ఖో ఇవ్వడం లేదు. కొత్త మనిషి, పైగా చీర, పాపం కూర్చోనీ అనుకుని దాటిపోతున్నారు.

ఇంట్లో పది నిమిషాలు ఒకచోట కూర్చోలేని మనిషి. ఇక్కడ కూర్చోవడమే ఆట. ఖో అనకుండా లేస్తే తప్పు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ప్రతి అడుగుల చప్పుడుకీ వీపు బిగుసుకుంటోంది, ఇప్పుడు, ఇప్పుడు అని. అడుగులు దాటిపోతున్నాయి. అప్పుడర్థమైంది నిఖిలకు. మూడేళ్ళుగా తను ఉన్నది ఇలాగే కదా. వరుసలోనే ఉంది, సిద్ధంగానే ఉంది. తట్టే చెయ్యి లేదు, అంతే.

ఇంతలో మళ్ళీ తరిమే వంతు నవనీత్‌ది. రొప్పుతూ వస్తున్నాడు. అవతల పృథ్వీ నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్నాడు. నవనీత్ రుచిత ముందు నుంచి దాటాడు, ఒక్క క్షణం నిఖిల వెనక ఆగాడు. ఆ క్షణంలో ఆమెకు అతని ఊపిరి వినిపించింది.

వీపు మీద అరచెయ్యి పడింది. గట్టిగా, వెచ్చగా.

"ఖో!"

ఆ తర్వాత ఏం జరిగిందో నిఖిలకు కాళ్ళే చెప్పాలి. చీర చిరిగిన చప్పుడు విన్నది గానీ ఆగలేదు. పృథ్వీ ఎడమకి తప్పుకున్నాడు, ఆమె ముందే ఎడమకి దూకింది. ఇద్దరూ గడ్డిలో పడ్డారు. ఆమె చేతిలో అతని చొక్కా కొస ఉంది.

"ఆంటీ!" అన్నాడు పృథ్వీ పడుకునే. "సో ఫాస్ట్, కెన్నాట్ లైక్ దట్ లా!"

"ఆంటీ ఏంట్రా? ఇరవై రెండేళ్ళు నాకు!" అంది నిఖిల. మైదానం అంతా నవ్వింది. ఆ నవ్వులో తన గొంతు అందరికన్నా పెద్దగా వినపడేసరికి ఆమే అదిరిపోయింది.

అప్పుడు వాన దిగింది. సింగపూర్ వానకి మొహమాటం లేదు, చెప్పాపెట్టకుండా బిందెలతో పోస్తుంది. అందరూ దగ్గర్లో ఉన్న బ్లాకు కింది ఖాళీ హాల్లోకి పరిగెత్తారు. స్తంభం కూడా మొదటిసారి కదిలింది, బుజ్జిదాన్ని కండువాలో చుట్టుకుని.

ఇద్దరూ ఒక మూల నిలబడ్డారు. ఆమె మోకాళ్ళు కూడా ఇప్పుడు పచ్చగా ఉన్నాయి.

"నేనిక్కడ చదువుకునేటప్పుడు" అన్నాడు నవనీత్ వానకేసి చూస్తూ, "రుచితలాగే తలుపేసుకున్నాను. ఒక సీనియర్ లాక్కొచ్చి ఆడించాడు. ఆట మందని కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళే ధైర్యం వచ్చేదాకా పక్కన ఒక తోడు, అంతే. మందులు వాడాను, తేరుకున్నాను. పెళ్ళప్పుడు అమ్మ చెప్పొద్దంది, పిచ్చి అంటారని. తర్వాత చెప్తే నువ్వు భయపడతావేమోనని..."

"నేను రోజూ భయపడుతూనే ఉన్నానుగా."

"దేనికి?"

"మీరు మాట్లాడడం మానేస్తారని." మాట బయటికి వచ్చేసింది, ఇక వెనక్కి పోదు. "గ్యాసు, కిటికీ, బుజ్జిదాని ఊపిరి... రాత్రి ఎన్నిసార్లు లేస్తానో నాకే తెలీదు. ఇంతమందినీ ఏం తిన్నావని అడుగుతారు. నన్ను ఒక్కసారైనా అడిగారా? ఎప్పుడూ బుజ్జిది తిందా అనే."

ఊళ్ళో వాళ్ళ తలుపులన్నీ కొట్టిన నవనీత్ సొంత తలుపు దగ్గర చెప్పులు విడిచి నిలబడిపోయినట్టు ఉన్నాడు.

"నువ్వేం తిన్నావు?"

"తిన్నా" అంది అలవాటుగా. ఆగింది. "పొద్దున్న టీ. బుజ్జిది వదిలేసిన పెరుగన్నం రెండు ముద్దలు."

"నిన్న?"

"గుర్తులేదు."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అంతమంది ముందు పట్టుకోవడం అదే మొదలు. "సోమవారం సెలవు పెడతాను. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం. నిద్ర గురించి, ఆ ఊపిరి చూడడం గురించి, అన్నీ చెబుదాం. పక్కనే కూర్చుంటాను."

"నాకు పిచ్చి అంటారేమో."

"అననీ. నాకు పాత పరిచయమే ఆ మాట."

నిఖిలకు నవ్వొచ్చింది. కన్నీళ్ళతోపాటే వచ్చింది. "మూడేళ్ళయింది. నేనంటే ఇష్టమని ఒక్కసారి చెప్పలేదు మీరు."

"ఇందాక చెప్పాగా."

"ఎప్పుడు?"

"ఖో అన్నానుగా! నిజానికి నిన్ను దాటెళ్ళి ఇంకొకరికివ్వాలి, పృథ్వీ అటే ఉన్నాడు. ఆట పోయినా పర్లేదనుకుని నీకిచ్చాను."

"ఆట నేను గెలిపించాను."

"అదే చెప్తున్నా!"

వాన అవతల, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ దగ్గర పృథ్వీ చేతులూపుతున్నాడు. రెండు కుర్చీల ముందు టిష్యూ ప్యాకెట్టు పెట్టి జాగా పట్టేశాడు. "కోచ్! నిఖిలక్కా! చోప్ చేశా! ప్రాటా హాట్‌గా ఉంది, కమ్ మకాన్, తిందాం రండి!" ఒకప్పుడు ఇంట్లో అమ్మతో కూడా మాట్లాడనివాడట వాడు. ఇప్పుడు నోరు మూయించాలంటే ప్రాటా పెట్టాలి.

బుధవారం మధ్యాహ్నం పుంగ్గోల్ ఫ్లాటులో ఫోన్ మోగింది.

"బుజ్జిది..." అని ఆగాడు నవనీత్. "నువ్వేం తిన్నావు?"

నిఖిల చెప్పింది. గోంగూర దొరికిందని, తారాదేవి ఆంటీ పీతల కూర పంపిందని, డాక్టరు చెప్పిన మాటలు రాత్రి గుర్తు చేసుకుంటే కిటికీ గొళ్ళెం ఒక్కసారి చూసి వదిలేయగలిగానని, శనివారానికి చీర కాదు ట్రాక్ ప్యాంటు కావాలని. అవతల ఆఫీసులో ఎవరో పిలుస్తున్నా అతను ఫోన్ పెట్టలేదు. భయం పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడది ఇంట్లో ఒంటరిగా కూర్చోవడం లేదు, దాని గురించి ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

రుచితకు ఖో ఇచ్చిన వాళ్ళు లేకపోలేదు. కానీ నిఖిల పక్కనే కూర్చున్న పిల్ల అది, అందుకే సాయంత్రం ఆమె రుచితకూ ఫోన్ చేసింది. ఆ పిల్ల నూడుల్స్ తింది. రెండుసార్లు తింది.

మీ వరుసలోనూ ఒకరుంటారు. చాలా రోజులుగా "బాగానే ఉన్నా" అంటున్నవాళ్ళు. ఈ పుస్తకం పక్కన పెట్టి వాళ్ళకి ఒక్కసారి ఫోన్ చెయ్యండి. బాగున్నావా అనకండి. ఏం తిన్నావు అని అడగండి, జవాబు పూర్తయ్యేదాకా ఫోన్ పెట్టకండి.