ఫిబ్రవరిలో వడదెబ్బ

నాలుగు జతల బట్టలు, దుప్పటి, తువ్వాలు, పక్కింటి తలుపులమ్మ కట్టిచ్చిన పూతరేకుల పొట్లం, అన్నీ రెక్సిన్ సంచీలో సర్దింది ప్రసన్నకుమారి. ఓ పక్కగా బూట్లకి చోటు వదిలింది. తీరా చూస్తే బూట్లు కనబడలేదు.

శ్యాంబాబు మంచం కింద వెతికాడు, దొడ్లో వెతికాడు, అటకెక్కి చూశాడు. నిన్న సాయంత్రం కడిగి చూరు కింద ఆరబెట్టానని, అడుగున మేకులున్న బూట్లు ఎవరికి పనికొస్తాయని విసుక్కున్నాడు. కుక్క ఎత్తుకుపోయుంటుంది, దానికీ కలకత్తాలో ఆడాలని ఉందేమోనని చెల్లెలు తబిత నవ్వింది.

అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న రాహేలమ్మ మాత్రం తలెత్తలేదు. ఆ బూట్లు బియ్యం డ్రమ్ములో ఉన్నాయి. పొద్దున్న అందరూ కాలవకి స్నానానికి వెళ్ళినప్పుడు తనే వాటిని గోనెగుడ్డలో చుట్టి బియ్యం అడుగున కప్పెట్టింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి చేయవలసిన పని కాదని ఆమెకి తెలుసు. అయినా ఈ ఒక్క రోజు గడిస్తే చాలనిపించింది. గోడ మీది కేలెండరు వైపు చూడకుండా ఉండడానికే ఆమె అరుగు మీదికొచ్చి కూర్చుంది. పొట్లాల కాగితాల మీద, ఎరువుల బస్తాల మీద అక్షరాలు కూడబలుక్కుని తనంతట తాను చదువు నేర్చుకున్న మనిషి ఆమె. ఆ చదువు రాకపోయినా బాగుండేది, తేదీ తెలిసేది కాదు అనుకుంది. ఆ రోజు పందొమ్మిది వందల తొంభై ఎనిమిది, ఫిబ్రవరి పదిహేడు.

ఆమె కొడుకు, ప్రసన్నకుమారి భర్త చిట్టియ్య కాలవ లాకు దగ్గర లస్కరు. తలుపులెత్తి నీళ్ళు వదలడం, దించి ఆపడం అతని పని. మనవడు శ్యాంబాబు కాకినాడలో డిగ్రీ రెండో ఏడు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఎడమ వైపు ఆడతాడు. బంతి వాడి కాలికి తగిలిందంటే ఇక అది వాడి మాటే వింటుందని చెప్పుకునేవారు.

కిందటేడు కాలేజీల మధ్య పోటీలు జరుగుతుంటే అప్పాజీ అనే ఆయన వచ్చాడు. తాతల నాటినుంచీ ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. ఒకప్పుడు తానూ ఆడి, ఇప్పుడు కలకత్తాలోని ఒక క్లబ్బు కోసం కుర్రాళ్ళని వెతికిపెడుతున్నాడు. మూడు ఆటలు గొడుగు కింద కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా చూశాడు. నాలుగో రోజు సరాసరి లాకు దగ్గరి ఇంటికే వచ్చేశాడు. తయారైన ఆటగాణ్ణి చూడ్డానికి అందరూ వస్తారని, తయారవకముందే కనిపెట్టడం తన ఉద్యోగమని చెప్పాడు. వచ్చినవాడు కుర్రాణ్ణి వదిలేసి ఇంటిని చూశాడు. చిట్టియ్యని గుమ్మం పక్కన నిలబెట్టి ఎత్తు చూశాడు. మడమలు చూపించమన్నాడు. ఏం తింటారో, ఎంతసేపు పడుకుంటారో అడిగి రాసుకున్నాడు. పిల్లని చూడ్డానికొచ్చినవాళ్ళు కూడా ఇన్ని అడగరని ప్రసన్నకుమారి ఆ తరవాత చాలా రోజులు చెప్పుకుని నవ్వింది.

రాహేలమ్మకి మాత్రం నవ్వు రాలేదు. మొన్న ఎండాకాలంలో శ్యాంబాబు కాలవగట్టు మీద పరుగు తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి కూలిపోవడం ఆమె కళ్ళారా చూసింది. నిమిషంలో లేచాడు. పొద్దున్న ఏమీ తినలేదని వాళ్ళమ్మ గ్లూకోజు కలిపిచ్చింది. కానీ ఆ నిమిషంలో వాడి పెదవులు ఏ రంగులో ఉన్నాయో రాహేలమ్మకి తెలుసు. ఆ రంగు ఆమె అంతకుముందు ఒకసారి చూసింది.

"మామ్మా, బియ్యంలో బూట్లు మొలిచాయి." వంటింట్లోంచి తబిత గొంతు వినబడింది.

ఇంట్లో అందరూ చేస్తున్న పనులు ఆపేశారు. బియ్యం అంటుకున్న బూట్లు చేత్తో పట్టుకుని శ్యాంబాబు అరుగు మీదికొచ్చాడు.

"నువ్వేనా మామ్మా?"

"నేనేరా."

"నేనెళ్ళడం నీకిష్టం లేదని తెలుసు. ఇష్టం లేకపోతే నోటితో చెప్పాలి గానీ ఇదేంటి, దొంగలాగా."

"చెప్తే వింటావా?"

"వినను."

"మరందుకే," అంది రాహేలమ్మ.

ప్రసన్నకుమారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అత్తయ్యా, రెండేళ్ళుగా వాడు పొద్దున్నే లేచి పరిగెడుతుంటే చూస్తూనే ఉన్నారు కదండీ. తీరా బయల్దేరే రోజున ఇలా చేస్తే వాడి మనసెలా ఉంటుందండీ?" అంది. చిట్టియ్య మాత్రం తల్లి వైపు ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాడు. అతనికీ ఆ తేదీ తెలుసు. తెలిసీ, ఆ రోజుకి టిక్కెట్టు తీశానని అప్పాజీ ఫోన్లో చెబితే సరేనన్నాడు.

పదింటికి అప్పాజీ ఆటోలో వచ్చాడు. రాజమండ్రిలో మధ్యాహ్నం రైలు. టీ తాగుతూ సంచీలోంచి ఒక కాగితం తీసి, ఇదొక్కటీ పూర్తి చేస్తే క్లబ్బు వాళ్ళకి ఇచ్చేయవచ్చన్నాడు. శ్యాంబాబుకి చిన్నప్పటి జబ్బులేమిటో, తాత ఎలా పోయాడో అడిగాడు. చిట్టియ్య ఒక్కొక్కటే చెప్పాడు.

"మీ అన్నగారొకాయన చిన్న వయసులోనే పోయారన్నారు. దేంతో పోయారండి?"

"వడదెబ్బండి," అన్నాడు చిట్టియ్య. "మే నెల. ఎండలో సైకిలు మీదెళ్ళి పడిపోయాడు."

అతని గొంతు తడబడలేదు. ఇరవై నాలుగేళ్ళుగా చెప్పిన మాట. అప్పాజీ తలాడించి రాసుకున్నాడు. కలం కాగితం మీద గీసుకుపోతున్న చప్పుడు రాహేలమ్మ చెవికి పెద్దగా వినబడింది.

ఆ ఇంట్లో ఎవరు దూరం వెళ్ళినా సంచీ నట్టింట్లో పెట్టి, చుట్టూ కూర్చుని, ఇంటికి పెద్దవాళ్ళు ప్రార్థన చేసి పంపడం అలవాటు. మామగారి కాలం నుంచీ ఉంది. అందరూ చాప మీద కూర్చున్నారు. అప్పాజీ కూడా టోపీ తీసి ఓ మూల కూర్చున్నాడు. శ్యాంబాబు సంచీ మీద చెయ్యేశాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. రాహేలమ్మ ప్రార్థించాలి.

ప్రయాణం క్షేమంగా సాగాలని ఎప్పటిలాగే మొదలుపెట్టింది. అక్కడ ఆగిపోయింది. ఎంతసేపాగినా ప్రార్థన మధ్యలో ఎవరూ మాట్లాడరు, కళ్ళు తెరవరు. ఆ సంగతి ఆమెకి ఆ క్షణంలో తట్టింది.

"ప్రభువా, నా పెద్దకొడుకు జీవరాజుకి వడదెబ్బ తగల్లేదు," అంది.

చిట్టియ్య కూర్చున్న చోట చాప కదిలింది.

"బంతాట ఆడుతూ పోయాడు. ఇరవై రెండేళ్ళకి. ఎవరూ కొట్టలేదు, తొయ్యలేదు. పరిగెడుతూ పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందని డాక్టరుగారు చెప్పారు. ఇది వంశంలో ఉండొచ్చు, తమ్ముణ్ణి జాగ్రత్తగా చూసుకోమన్నారు. చిట్టియ్యకి పిల్లనెవరూ ఇవ్వరని భయపడ్డాం. అప్పుడు నిడదవోలు దగ్గర లాకులో ఉండేవాళ్ళం. మా ఆయన బదిలీ చేయించుకుంటే ఈ ఊరొచ్చి వడదెబ్బని చెప్పాం. ఫిబ్రవరిలో వడదెబ్బంటే ఎవరూ నమ్మరని మే నెల అన్నాం. సమాధి రాయి మీద తేదీ చెక్కించలేదు, ఒక్క సంవత్సరమే వేయించాం. ఏటా మే నెలలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టి మజ్జిగ పంచాం. నీ ఎదుట ఇరవై నాలుగేళ్ళు తప్పుడు నెలలో ఏడ్చాను. వీడు గట్టు మీద పడినప్పుడు వీడి పెదాలూ అలాగే ఉన్నాయి. చూసి కూడా నోరు మెదపలేదు. ఇప్పుడు చెప్పాను. ఆమెన్."

ఎవరూ ఆమెన్ అనలేదు.

ముందుగా ప్రసన్నకుమారి కళ్ళు తెరిచింది. అత్తగారు ఏటా ఫిబ్రవరిలో ఒక రోజు అన్నం ముట్టకపోవడం ఆమె చూస్తూనే ఉంది. ఏదో మొక్కు అనుకుంది.

"మా నాన్నగారు మీ ఇంటికొచ్చి అడిగారు," అంది భర్తతో. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "పెద్దబ్బాయి ఎలా పోయాడని అడిగారు. ఈ అరుగు మీదే కూర్చున్నారు. మీరే మంచినీళ్ళిచ్చారట."

"అప్పుడు నా వయసెంత ప్రసన్నా. అమ్మా నాన్నా చెప్పమన్నది చెప్పాను."

"ఇప్పుడు మీ వయసెంతండీ? ఆ కాగితం మీద రాయించింది ఇప్పుడే కదా. పిల్లాడు పడిపోతే గ్లూకోజిచ్చి పంపించాను నేను. నాకు తెలిసుంటే ఇచ్చేదాన్నా?"

శ్యాంబాబు లేచి నిలబడ్డాడు. అవన్నీ పాత కథలని, రైలుకి వేళవుతోందని అప్పాజీతో అన్నాడు. అప్పాజీ కదల్లేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్కమాట చెప్పు బాబూ. గట్టు మీద పడింది ఒక్కసారేనా?"

శ్యాంబాబు బూట్ల వైపు చూశాడు. మేకుల మధ్య ఇంకా రెండు బియ్యపు గింజలు ఇరుక్కుని ఉన్నాయి.

"మూడు సార్లండి," అన్నాడు చివరికి. "రెండు సార్లు కాలేజీలో. ఎవరికీ చెప్పొద్దని మా జట్టువాళ్ళ చేత ఒట్టేయించుకున్నాను. చెప్తే మీరు తీసుకెళ్ళరని."

ప్రసన్నకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాహేలమ్మ మనసులో లెక్కేసుకుంది. తాను దాచింది ఒకటి, వాడు దాచింది రెండు. ఇద్దరూ ఒకే గుమ్మం లోపల, ఒకే కంచంలో తింటూ.

అప్పాజీ రైలు వదులుకున్నాడు. ఆ మర్నాడే తండ్రినీ కొడుకునీ కాకినాడలో గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. యంత్రం పెట్టి చూశారు. శ్యాంబాబు గుండె గోడ ఉండాల్సినదానికంటే బాగా మందంగా ఉందని, ఇక పరుగు, ఆట పూర్తిగా మానేయాలని డాక్టరు చెప్పారు. చిట్టియ్య గుండెలోనూ కాస్త అదే జాడ ఉందట. తబితని కూడా తీసుకురమ్మన్నారు. ఆ పిల్లకి ఏమీ లేదని తేలేదాకా ఇంట్లో పొయ్యి వెలిగిందన్న మాటే గానీ ఎవరూ కడుపునిండా తినలేదు.

రెండు నెలలు దాటినా శ్యాంబాబు మామ్మతో మాట్లాడలేదు. కంచం తీసుకుని వేరే గదిలోకి వెళ్ళిపోయేవాడు. ప్రసన్నకుమారి కూడా అత్తగారికి అన్నం పెట్టి తిరిగి చూడకుండా వెళ్ళేది. రాహేలమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. మనవడు సైకిలెక్కి వీధి మలుపు తిరిగేదాకా చూసేది, మళ్ళీ బెల్లు వినబడేదాకా గుమ్మంలోనే ఉండేది. వాడు వస్తున్నాడు. అది చాలు అనుకునేది.

మే నెల వచ్చింది. ఒకరోజు శ్యాంబాబు వచ్చి అరుగు మీద, ఆమెకి కాస్త దూరంగా కూర్చున్నాడు.

"ఈ నెల ప్రార్థన పెట్టొద్దు మామ్మా," అన్నాడు. "అసలు రోజునే పెడదాం. పెదనాన్న ఎలా ఆడేవాడో చెప్పు. ఎడమ కాలా, కుడి కాలా?"

"ఎడమ," అంది రాహేలమ్మ. వాడు దగ్గరికి జరిగి ఆమె ఒళ్ళో తలపెట్టాడు. ఇద్దరూ ఏడ్చారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న ప్రసన్నకుమారి కాసేపటికి రెండు గ్లాసులతో మజ్జిగ తెచ్చి, తనూ అక్కడే కూర్చుంది. "ఉప్పు సరిపోయిందా అత్తయ్యా?" అని అడిగింది. ఫిబ్రవరి తరవాత ఆమె అత్తగారితో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

ఆ మరుసటేడు నుంచి కాకినాడలో కాలేజీ ఆటలు జరిగినప్పుడల్లా గొడుగు కింద అప్పాజీ పక్కన శ్యాంబాబు కూర్చుంటున్నాడు. కుర్రాళ్ళ ఇళ్ళకి తనే వెళ్తాడు. ఎత్తు, మడమలు తరవాత చూస్తాడు. మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా పోయారా, ఏ నెలలో, ఏం చేస్తుండగా అని ముందుగా అడుగుతాడు. జవాబు మరీ తడబడకుండా వస్తే మళ్ళీ అడుగుతాడు.

నిడదవోలు దగ్గర సమాధి రాయి మీద కొత్తగా ఒక వరుస చెక్కించారు. ఏం రాయాలో రాహేలమ్మే కాగితం మీద తన అక్షరాలతో రాసిచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ బట్టల బీరువాలో ఉంది. దాని మీద ఇలా ఉంది: జీవరాజు 1974 ఫిబ్రవరి 17, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఆటకి వెళ్ళాడు. తిరిగి రాలేదు.