గుర్రానికి తెల్ల కోటు

"నీకు చేతకాదు నుర్దిన్, ఇటివ్వు!"

బెగాయిమ్ తమ్ముడి చేతిలోంచి తాడు లాగేసుకుంది. మేకపిల్లను చకచకా కట్టేసి ఇంట్లోకి పరుగెత్తింది. ఎనిమిదేళ్ల నుర్దిన్ మూతి ముడుచుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

లోపల నేలమీద ఉన్నిని ఒత్తి చేసిన దళసరి గుడ్డలు రెండు ఉన్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. వాటితో నాయనమ్మ గుడారానికి తివాచీ చేయాలి. వచ్చే వారమే ఆవిడ మందతో కొండెక్కుతుంది. గొర్రెల బొచ్చు మళ్లీ కత్తిరించేదాకా ఇంట్లో వేరే ఉన్ని లేదు.

బెగాయిమ్‌కు పదమూడేళ్లు. ఈసారి తివాచీమీద బొమ్మ తనదే అంది. అందరూ వేసే పొట్టేలు కొమ్ములు కాదు, పరుగెత్తే గుర్రం!

"నీ ఇష్టం. రెండూ ఒకదానిమీద ఒకటి పరిచి, కలిపి కొయ్యి. అప్పుడే ఎర్ర గుర్రం నల్లదాని కన్నంలో సరిగ్గా అతుకుతుంది," అంటూ అమ్మ కత్తి ఇచ్చింది.

కలిపి కోస్తే కత్తి దిగడం లేదు. బెగాయిమ్‌కు ఓపిక తక్కువ. ముందు ఎర్రదాన్ని కోసింది. తర్వాత ఆ గుర్రాన్ని నల్లదానిమీద పెట్టి, చుట్టూ గీసి కోసింది. కోసేటప్పుడు ఉన్ని సాగింది. నల్లదాని కన్నంలో ఎర్ర గుర్రాన్ని పెడితే చుట్టూ వేలెడు సందు!

అప్పుడే మేనత్త సాయ్రా టీ తాగడానికి వచ్చింది.

"అయ్యో అయ్యో! నేను చెప్పలేదూ వదినా? పిల్లకి కత్తిస్తే ఇంతే! ఉన్నినంతా మట్టిపాలు చేసింది. ఇటు తేవే, నేను సరిచేస్తా."

బెగాయిమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ చేతులు కూడా కత్తికోసం ముందుకొచ్చాయి. అంతలోనే అమ్మ వాటిని ఏప్రన్ జేబుల్లో దోపుకుంది.

"దాని చేతిలోనే ఉండనీ సాయ్రా. బెగాయిమ్, ఇప్పుడేం చేద్దాం?"

అమ్మ తిట్టలేదు! బెగాయిమ్ ముక్కు తుడుచుకుని ఆలోచించింది.

"అతుకుమీద పేనిన తెల్ల తాడు కుడతాం కదమ్మా. మూడు వరసలు కుడితే సందు మూసుకుంటుందా?"

"ఏమో. కుట్టి చూడు."

కుట్టింది. వేళ్లు వాచాయి. రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టింది. చివరికి సందు మూసుకుంది.

నాయనమ్మ తివాచీని తడిమి పకపకా నవ్వింది. "ఇదేం గుర్రమే, తెల్ల కోటు తొడుక్కుంది! మంచిదే, కొండమీద చలి."

"బాగానే ఉంది లే," అని సాయ్రా అత్త గొణిగింది. "మా ఇంటికీ ఒకటి చేసిపెడుదువుగాని."

బెగాయిమ్ అమ్మను గట్టిగా వాటేసుకుంది. అమ్మంటే ఎప్పుడూ లేనంత ప్రేమ పొంగుకొచ్చింది.

"కత్తి లాక్కోలేదు నువ్వు. అందుకే ఇది నాదైంది."

"నా చేతులెంత దురద పెట్టాయో నీకేం తెలుసే!" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే బెగాయిమ్ మేకపిల్ల తాడు తెచ్చి తమ్ముడికిచ్చింది. వాడు ముడి వేశాడు. ముడి జారింది. మేకపిల్ల ఉల్లిమళ్లలోకి ఒకటే పరుగు! ఇద్దరూ తరిమి తరిమి పట్టుకొచ్చారు.

నుర్దిన్ బిక్కమొహం వేసి తాడు అక్కకు అందించాడు.

బెగాయిమ్ చేతులు ముందుకొచ్చాయి. వాటిని కోటు జేబుల్లో దోపుకుంది.

"ఇప్పుడేం చేద్దాం నుర్దిన్?"