మూడు నిమిషాల ఇసుక

పొద్దున్నే వాష్‌బేసిన్ పక్కన మూడు నిమిషాల ఇసుక గడియారం తిరగేసి నిలబడటం ఆ ఇంటాయనకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆయన పని కట్టుడు పళ్ల సెట్లు తయారుచేయడం. ఊళ్లో సగంమంది నవ్వులు తన చేతి చలవేనని చెప్పుకునేవాడు. సొంత భార్యకు మాత్రం ముప్పై ఆరేళ్లకే పళ్లన్నీ ఊడిపోయాయి. ఆ సెట్టూ ఆయనే చేశాడు. చేతికిస్తూ, "శుభ్రంగా తోముకుని ఉంటే ఈ ఖర్మ పట్టేదా?" అన్నాడు. అప్పటినుంచీ ఆవిడ నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేది.

కూతురికి ఆ గతి పట్టకూడదనే ఈ గడియారం. ఇసుకంతా దిగేదాకా తోమాల్సిందే. బళ్లో టీచరమ్మ అయ్యాక కూడా ఆ పిల్లకు మినహాయింపు లేదు.

ఆ రోజు ఇసుక దిగకముందే ఆమె కుళాయి పెద్దగా తిప్పింది. అయినా బేసిన్‌లోని ఎరుపు ఆయన కంట పడనే పడింది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏడాదైంది నాన్నా. కింద పన్ను ఒకటి కదులుతోంది కూడా."

ఆయన వంటింటి వైపు తిరిగాడు. "విన్నావా? నీ బద్ధకం దీనికీ అంటింది."

తల్లి గిన్నెలు సర్దుతూనే ఉంది. కూతురు మాత్రం ఊరుకోలేదు.

"నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. ఎంత బాగా తోముకున్నా కొంతమందికి చిగుళ్లు తొందరగా పాడవుతాయట. పుట్టుకతో వచ్చే తేడా ఉంటుందట. క్రిములమీద ఒళ్లు అతిగా విరుచుకుపడి, పళ్లను పట్టుకుని ఉండే ఎముకనీ కరిగించేస్తుందట. అదొక్కటే కారణమని చెప్పలేరు గానీ, ముందే చూపించుకుంటే చాలావరకు ఆపొచ్చంది. అమ్మనెందుకు చూపించలేదు నాన్నా?"

'పళ్ల పని చేసేవాడి పెళ్లాం చిగుళ్ల డాక్టరు దగ్గర కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు' అని అప్పట్లో అన్నది ఆయనే.

"అయితే మీ అమ్మ వైపునుంచే వచ్చింది" అన్నాడు.

"ఎవరి వైపునుంచో చెప్పలేమంది. ఇద్దరి వైపునుంచీ కావచ్చట. మీవైపు ఎవరికీ లేదుగా?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నోట్లో వేలు పెట్టి ముందు పళ్ల వరస తీసి బల్లమీద పెట్టాడు. ఆరు పళ్లు. పని గది తలుపులు మూసుకుని తనకు తనే చేసుకున్నవి.

"మీ నానమ్మకీ ముప్పైల్లోనే పోయాయి. నాకు నలభైలో. నేనూ రోజూ తోముకున్నవాణ్ణే."

తల్లి వచ్చి ఆ పళ్లు తీసుకుని, కుళాయి కింద కడిగి ఆయన చేతిలో పెట్టింది. "పెట్టుకోండి."

"నీకు తెలుసా?"

"టైఫాయిడ్ వచ్చి మీరు స్పృహ లేకుండా పడుకున్నప్పుడు రోజూ కడిగింది నేనేగా."

"మరెందుకు అడగలేదు?"

"అడిగితే మీకు తల కొట్టేసినట్టవుతుందని. నేనెలాగూ మాట పడ్డాను, మీరైనా తలెత్తుకు తిరుగుతారనుకున్నాను." ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "పళ్లు పోయినందుకు నేనేడవలేదండీ. రోజుకి ఐదుసార్లు తోమేదాన్ని, నెత్తురొచ్చేలా. మీరు నమ్మలేదు. అందుకేడ్చాను."

ఆయన ఆవిడ చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. క్షమించమని అడగడానికి కూడా ధైర్యం చాల్లేదు.

మర్నాడు ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. కదిలే పన్ను నిలవదని, మిగతావాటిని కాపాడొచ్చని చెప్పిందావిడ. తర్వాత ఇంట్లోవాళ్ల వివరాలు రాసే కాగితం ముందు పెట్టుకుని, "మీ అమ్మగారు పళ్లు సరిగ్గా తోముకునేవారా?" అని కూతుర్ని అడిగింది.

కూతురు నోరు తెరిచేలోపే ఆయన జవాబు చెప్పాడు.

"నాకంటే శుభ్రంగా తోముకునేదండీ. అలాగే రాయండి."

తల్లికి నవ్వొచ్చింది. అలవాటుగా చెయ్యి నోటివైపు లేచి, సగంలోనే ఆగిపోయింది.