కొండ మీద పొడి సాక్స్

"నీకు ఫ్రెండ్స్ ఉన్నారా?" అని అడిగాడు చీఫ్.

డేగ తల గోక్కున్నాడు. సర్వీసులో చేరినప్పటి నుంచీ ఇంత ఇరుకున పెట్టే ప్రశ్న అతన్నెవరూ అడగలేదు.

"లేరు సార్."

"అయితే రేపటికల్లా సంపాదించు. కొండెక్కాలి."

బయట బీమా కంపెనీ బోర్డు, లోపల సీక్రెట్ సర్వీస్. దేశం గుట్టంతా దాచిపెట్టిన ఆ గదిలో స్లాబు కారుతోంది. చుక్కలు పడే చోట ఒక బకెట్ పెట్టారు. ఏ మహానుభావుడో దాని మీద కూడా 'టాప్ సీక్రెట్' అని స్టాంపు కొట్టాడు. డేగ అనే కోడ్ నేమ్ మన ఏజెంటు తనకు తానే పెట్టుకున్నాడు. ఇంకెవరైనా పెట్టి ఉంటే ఏ పక్షితో సరిపెట్టేవారో చెప్పలేం. ఇంట్లో భార్య దృష్టిలో మాత్రం అతను టూర్లు ఎక్కువగా తిరిగే బీమా ఆఫీసరు.

చీఫ్ గోడ మీది మ్యాప్‌ను పెన్సిల్‌తో పొడిచాడు. "ఇది కొండ. కింద డామ్. డామ్ కింద ఊరు. గేట్లు రేడియో సిగ్నల్‌తో లేస్తాయి. ఒక విదేశీ ముఠా కొండ కొన మీద ట్రాన్స్‌మిటర్ పెట్టి, రిజర్వాయర్ నిండిన పూట అన్ని గేట్లూ ఒకేసారి ఎత్తేయాలని చూస్తోంది. ఊరు ఊడ్చిపెట్టుకుపోతుంది."

డేగ మ్యాప్ దగ్గరికి జరిగాడు. "అది మా ఊరు సార్. మా ఆవిడ, పాప అక్కడే ఉన్నారు."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను. ఈ ఒక్కసారైనా మనసు పెట్టి పనిచేస్తావని."

"గేట్ల దగ్గరున్న ఆ రేడియో పీకేయిస్తే సరిపోతుంది కదా?"

"అది వేరే డిపార్ట్‌మెంటు. పర్మిషన్ అడిగాం. ఉలుకూ పలుకూ లేదు." చీఫ్ ఫైలును చుక్కల కింద నుంచి పక్కకు జరిపాడు. "ముఠాలో మన మనిషి ఉంది. కోడ్ నేమ్ నెమలి. ట్రాన్స్‌మిటర్ కొండ అవతలి వైపు నుంచి వస్తుందని కబురు పంపింది. అయినా జాగ్రత్త కోసం ఇవతలి దారిలో చెక్‌పోస్ట్ పెట్టించాను. నువ్వు ట్రెక్కింగ్ గ్యాంగ్‌లా ఎక్కు. నెమలి ఫోటోగ్రాఫర్‌లా వచ్చి కలుస్తుంది. పైన కాచుకుని ఉండి, వాళ్ళను రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకోండి."

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు తూటా పేల్చే పెన్నూ, వైర్‌లెస్ వాచీ, మంచులోంచి చూడగల కళ్ళజోడూ ఇచ్చారు. "అన్నీ వాటర్‌ప్రూఫే సార్," అన్నాడు టెక్నీషియన్, నిండిన బకెట్‌ను బయట పారబోయడానికి ఎత్తుకెళుతూ.

ఒక్కరోజులో దొరికిన స్నేహితులు ఎలా ఉంటారో వీళ్ళూ అలాగే ఉన్నారు. ఒకడు హాస్టల్లో రూమ్మేట్, ఇప్పుడు లెక్చరర్. గంట కొట్టినా ఆపని రకం. రెండోవాడు పళ్ళ డాక్టరు. మనిషి మొహం చూడడు, నోట్లోకి చూస్తాడు. మూడోవాణ్ణి డేగ పిలవలేదు, భార్య అంటగట్టింది.

"మా తమ్ముణ్ణి కూడా తీసుకెళ్ళండి. పడుకుని పడుకుని సోఫా గుంటపడింది."

బావమరిది అంటే డేగకు ఒళ్ళుమంట. ఉద్యోగం లేదు, సద్యోగం లేదు. మంచినీళ్ళ గ్లాసు కూడా ఎవరైనా అందిస్తేనే తాగే తిండిదండగ. 'దేశాన్ని కాపాడటానికి వెళుతున్నానే పిచ్చిదానా' అని భార్యతో చెప్పలేక, డేగ సరేనన్నాడు.

కొండ కింద టీ కొట్టు దగ్గర బస్సు దిగేసరికి వాన దంచి కొడుతోంది. రేకు కింద పొడవాటి రెయిన్‌కోటులో ఒకామె నిలబడి ఉంది. అంత వానలోనూ ఆమె కాటుక చెదరలేదు.

డేగ దగ్గరికెళ్ళి గొంతు తగ్గించాడు. "ఈ వానలో కొండ కనబడుతుందంటారా?"

"కళ్ళున్నవాళ్ళకు కనబడుతుంది," అంది ఆమె.

కోడ్ సరిపోయింది. డేగ గుండె ఒక లయ తప్పింది. అది డ్యూటీలో భాగం కాదు.

"మీ అందరితో కలిసి ఎక్కొచ్చా? కెమెరా సామానుతో భుజాలు లాగేస్తున్నాయి. తలా ఒకటి పట్టుకుంటారా ప్లీజ్?" అందామె.

మగాళ్ళు ఎగబడ్డారు. లెక్చరర్‌కు స్టాండ్ పెట్టిన పొడవాటి గొట్టం దక్కింది. పళ్ళ డాక్టరుకు చతురస్రపు తోలు పెట్టె. అందరికన్నా బరువైన మూట డేగ తనే అడిగి మరీ తీసుకున్నాడు. బావమరిది చేతులు జేబుల్లో పెట్టుకుని ఆకాశం చూశాడు. చివరికి రబ్బరు మూత బిగించిన ఒక రేకు డబ్బా అతని బ్యాగులో కూడా పెట్టారు.

"ఏంటండీ ఇది, ఇంత బరువు?"

"లెన్సులు. వాన తగిలితే పాడైపోతాయి. మూత మాత్రం తీయకండి."

చెక్‌పోస్ట్ దగ్గర సైనికుడు బ్యాగులు విప్పమన్నాడు. డేగ అతన్ని పక్కకు పిలిచి కార్డు చూపించాడు. తన పెన్నూ, వాచీ ఎవడో కెలకడం అతనికిష్టం లేదు. "నా టీమ్ బ్యాగులు ఒక్కటి కూడా ముట్టుకోవద్దు. ఆర్డర్." సైనికుడు సెల్యూట్ కొట్టాడు.

లెక్చరర్ నోరు తెరిచాడు. "బీమా ఆఫీసరుకు సెల్యూటేంట్రా?"

"వాడికి పాలసీ ల్యాప్స్ అయ్యుంటుంది," అన్నాడు బావమరిది.

ఇక నడక. అది నడకంటే నడకకే అవమానం. దారి ఎక్కడో, వాగు ఎక్కడో తెలియని బురద. ఒక అడుగు వేస్తే రెండు అడుగులు జారడం. టెంటు లోపల కూడా బయట ఎంత వానో అంతే వాన. మేఘాలు ఎన్ని రకాలో లెక్చరర్ ఆపకుండా చెప్పాడు. పళ్ళ డాక్టరు చలికి పళ్ళు కొట్టుకుంటూ, ఇలా కొట్టుకుంటే ఎనామిల్ పోతుందని అందరినీ హెచ్చరించాడు. జలగలు ఎవరినీ వదల్లేదు. వైర్‌లెస్ వాచీలో చేప పిల్లను పెంచుకోవచ్చు, అన్ని నీళ్ళు చేరాయి. మంచులోంచి చూడగల కళ్ళజోడుకు మంచు పట్టింది.

డేగకు వీళ్ళందరినీ చూస్తే అసహ్యం వేసింది. ఈ సంతలో మనిషన్నది నెమలి ఒక్కతే అనుకున్నాడు. ఆమె గొణగదు, కూలబడదు. మలుపు తిరిగినప్పుడల్లా అతని వీపు మీది మూట తడిమి, "తడవలేదు కదా?" అని అడుగుతుంది. అబ్బ, ఎంత శ్రద్ధో! డేగ తన రెయిన్‌కోటు విప్పి మూటకు చుట్టాడు. తను మాత్రం నానిపోయాడు.

రెండో సాయంత్రం పాడుబడిన గొర్రెల కొట్టంలో తలదాచుకున్నారు. అందరూ సాక్స్ విప్పి పిండుతున్నారు. బావమరిది మాత్రం మూలన కూర్చుని, ఎర్రచారల పొడి సాక్స్ తీరిగ్గా తొడుక్కుని, వేళ్ళు ఆడించుకుంటున్నాడు.

"నీవెలా పొడిగా ఉన్నాయిరా?" డేగ పళ్ళు కొరికాడు.

"దాచుకున్నాను బావా."

"ఎక్కడ?"

"అన్నీ అడుగుతావేంటి? నీకూ ఒక జత కావాలా?"

డేగ ఛీత్కారంగా మొహం తిప్పుకున్నాడు. నలుసంత క్లూ దొరికితే చాలు, నేరస్తుణ్ణి పట్టేస్తాడని ట్రైనింగ్‌లో సర్టిఫికెట్ ఇచ్చారు అతనికి. ఆ సర్టిఫికెట్ కూడా ఆ కారే గదిలోనే ఎక్కడో నానుతూ ఉంటుంది.

మర్నాడు సాయంత్రానికి కొండ కొన చేరారు. అక్కడ పాత వాతావరణ కేంద్రం గది ఒకటి మిగిలింది. బూట్లు గుమ్మం దగ్గర విప్పి, లోపల చతికిలబడ్డారు. అవతలి వైపు నుంచి ముఠా ఎప్పుడొస్తుందా అని డేగ కిటికీ దగ్గర కాపు కాశాడు. మబ్బు కాస్త విడింది. కింద డామ్ అంచుదాకా నిండి ఉంది. దాని కింద ఊళ్ళో తమ వీధి ఎక్కడో అతను కళ్ళతో వెతుక్కున్నాడు.

"నా సామాను ఇస్తారా?" అంది వెనక నుంచి నెమలి.

అందరూ బుద్ధిమంతుల్లా తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆమె గొట్టం లాగితే అది యాంటెన్నా అయింది. తోలు పెట్టె తెరిస్తే ట్రాన్స్‌మిటర్. డేగ మోసుకొచ్చిన మూట విప్పితే, ఇటుకంత బ్యాటరీ, పొడిగా, నిగనిగలాడుతూ. ఆమె కుడి చేతిలో పిస్తోలు ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"కదలకండి. థాంక్యూ డేగా. చెక్‌పోస్ట్ దాటించడానికి నీలాంటివాడు ఒకడు కావలసి వచ్చింది."

"నువ్వు... మన మనిషివి కదా!"

"కళ్ళున్నవాళ్ళకు కనబడుతుందని ముందే చెప్పాను."

డేగకు అప్పుడు అర్థమైంది. అవతలి వైపు నుంచి ఏ ముఠా రావడం లేదు. తన ఊరిని ముంచే సరంజామాను తన వీపు మీద, తన రెయిన్‌కోటు చుట్టి, తనే మోసుకొచ్చాడు. ఈ పాటికి పాప స్కూలు నుంచి వచ్చి గొడుగు వరండాలో ఆరబెడుతూ ఉంటుంది. ఏడుపు తన్నుకొచ్చింది. పెన్ను తీసి గురిపెట్టి నొక్కాడు. ఒక నీలం చుక్క కారి అరచేతిలో పడింది.

నెమలి నవ్వింది. వైర్లు కలిపింది. బ్యాటరీ మీద పచ్చ లైటు వెలిగింది. "ఇక కంట్రోల్ యూనిట్," అంటూ రేకు డబ్బా అందుకుని మూత లాగింది.

లోపల ఎర్రచారల సాక్స్ ఉన్నాయి. వాటి మధ్య సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్.

నెమలి డబ్బా బోర్లించి దులిపింది.

"ఇందులో ఉన్నది ఏది?" ఆమె గొంతు కీచుగా పలికింది.

బావమరిది నొచ్చుకున్నాడు. "అదా అండీ? మొదటిరోజే లోయలో పారేశాను. లెన్సులన్నారు, తీస్తే ఒక్క లెన్సూ లేదు, అన్నీ వైర్లూ బటన్లూ. పనికిరాని చెత్త ఎవరు మోస్తారండీ? డబ్బా మాత్రం చాలా మంచిది. చుక్క నీరు దూరదు."

ట్రైనింగ్‌లో ఎన్నో రకాల దెబ్బలకు తట్టుకోవడం నేర్చుకున్న నెమలి, ఈ దెబ్బకు ఒక్క క్షణం గుడ్లప్పగించి నిలబడిపోయింది. ఆ క్షణంలోనే డేగ గుమ్మం దగ్గరి బూటు అందుకుని విసిరాడు. నీళ్ళతో నిండిన బూటు, కుండంత బరువు. పిస్తోలు ఎగిరి కిటికీలోంచి లోయలో పడింది. ఆమె జారి పడింది. పళ్ళ డాక్టరు తనకు తెలిసిన ఒకే ఒక్క విద్య ప్రయోగించి ఆమె దవడ పట్టుకున్నాడు. లెక్చరర్ ముడులు ఎన్ని రకాలో వివరిస్తూ తాడు కట్టాడు. సగం వివరణకే ఆమె అన్నీ ఒప్పుకుంది.

కింద డామ్ గేట్లు ఒక్కటీ కదల్లేదు.

ఆమె చెప్పిన ఆచూకీతో కింద ముఠా మొత్తం దొరికింది. 'కీలక పరికరాన్ని మా బృందం పక్కా ప్లాన్ ప్రకారం ముందే నిర్వీర్యం చేసింది' అని డేగ రిపోర్టు రాశాడు. చీఫ్ బకెట్ పక్కన నిలబడి అతని ఛాతీకి పతకం గుచ్చాడు. ఎక్కడా నోరు విప్పబోమని మిగతా ముగ్గురి చేతా సంతకాలు చేయించారు. బావమరిది చదవకుండానే పెట్టాడు. సాక్స్‌ను మాత్రం సాక్ష్యం కింద సీలు చేసి ఉంచుకున్నారు.

ఇంట్లో భార్య పొడి టవల్ తెచ్చి ముందు తమ్ముడి తల తుడిచింది. డేగ గుమ్మంలోనే ఆగిపోయాడు. వరండాలో పాప గొడుగు ఆరుతోంది.

"ఎలా జరిగిందిరా ట్రిప్?" భార్య తమ్ముణ్ణి అడిగింది.

"ఏముందక్కా, ఒకటే వాన. నా సాక్స్ కూడా పోయాయి." బావమరిది సోఫాలో తన గుంటలోకి జారబడ్డాడు. "బావను మాత్రం మెచ్చుకోవాలి. ఆవిడ ఇచ్చిన మూటకు తన కోటు చుట్టి, తను తడుస్తూ, ఒక్క చుక్క పడకుండా కొండ కొనదాకా మోశాడు."

టవల్ ఆగింది.

"ఏ ఆవిడ?" అంది భార్య.

ఏ శత్రుదేశపు ఇంటరాగేషన్‌లోనూ నోరు జారనని ప్రమాణం చేసిన డేగ, ఛాతీ మీద పతకాన్ని చొక్కా కింద దాచుకుంటూ నీళ్ళు నమిలాడు.