మిడత ఆగే చోటు

షాద్‌నగర్ దాటి కంపెనీల రోడ్డు మీద దిగి, పత్తిచేల పక్కనుంచి లోపలికి నడిస్తే అరుణమ్మ కిరాయికిచ్చే రేకుల గదులు వస్తాయి. ఎండాకాలంలో వాటికి తాళాలే కిరాయిదార్లు. చివరి గదిలో మాత్రం దామోదర్, అతని బామ్మర్ది దశరథ్ ఉండేవారు. ఇద్దరికీ రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి ఇంత అన్నం వండుకుని తిని, కిటికీకి దుప్పటి కట్టి చీకటి చేసుకునేవారు. పడుకోవడానికి అనుకుంటే పొరపాటు, ఆ చీకటంతా ఫోన్లలో గేమ్ ఆడుకోవడానికే.

దశరథ్‌ది కొల్లాపూర్. డిగ్రీ అయ్యాక ఊళ్లో ఖాళీగా తిరుగుతుంటే దామోదరే ఫోన్ చేసి పిలిచాడు, కంపెనీలో పెట్టించాడు, తన గదిలోనే జాగా ఇచ్చాడు. కిరాయి గురించి అడిగితే కోప్పడ్డాడు. ఇంత చేసే బావ ఎంతమందికి ఉంటాడు? దశరథ్‌కు సొంత అన్న లేడు. బావనే అన్న అనుకున్నాడు. అక్క భాగ్యశ్రీ కూడా, నీ బావ ఉండగా నీకేం ఫికర్ అనేది.

బావలో ఒక్కటే వింత. పడుకునేవాడు కాదు. నిద్రపోయేవాడే, కానీ గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, కూర్చునే. నడుము నొప్పి అనేవాడు. కొల్లాపూర్‌లో ఇంటికి పోయినా అంతేనట, ఏడాది నుంచి మంచం మీద కూర్చునే తెల్లవారుస్తున్నాడని అక్క చెప్పుకుని బాధపడేది. నిన్ను కంపెనీవాళ్లు గోడకు వెల్డింగ్ చేసి పంపారా అని దశరథ్ ఆటపట్టిస్తే, బావ నవ్వేవాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది.

గేమ్ ఇద్దరు జట్టుగా ఆడే తుపాకుల గేమ్. దాంట్లో అందర్నీ కొట్టి చివరికి చేరారు గానీ, చివరివాడు మాత్రం కొరకరాని కొయ్య అయ్యాడు. పొడుగు కాళ్లు, ముసుగు, ముఖం కనబడదు. దామోదర్ దానికి మిడత అని పేరు పెట్టాడు. తుపాకి ఎత్తేలోపు ఎడమ పక్కనుంటుంది, తిరిగేలోపు గోడ మీదుంటుంది, వెతికేలోపు వెనకనుంటుంది. ఎన్ని గుండ్లు పేల్చినా గోడలకు చిల్లులు పడటం తప్ప దానికి ఒక్కటీ తగిలేది కాదు.

అది ఆగేది ఒక్కచోటే. ఎవరన్నా దెబ్బ తిని కింద పడితే, వాళ్ల మీదికి వంగి, చెవి దగ్గర ముఖం పెట్టి కాసేపు కదలకుండా ఉంటుంది. రెండోవాడు అప్పుడు మెడ మీద కొట్టాలి. తర్వాత పడ్డవాడి దగ్గరికి పోయి లేపాలి. ఈ సంగతి బావకు ముందే తెలుసు. ఎలా తెలుసని దశరథ్ అడగలేదు.

"నువ్వు పడు," అన్నాడు దామోదర్. "నేను కొడత. కొట్టి నిన్ను లేపుత."

"లేపకపోతే?"

"మీ అక్క మీద ఒట్టు."

అక్క మీద ఒట్టు పెట్టాక ఇంకేం అడుగుతాడు? రోజూ దశరథే పడేవాడు. రోజూ బావ గుండు ఆలస్యంగానే పేలేది. చేతులు వణుకుతున్నాయనేవాడు. కూర్చుంటే నీ గురి కుదరడం లేదని చెప్పి, చాప పరిచి దశరథ్‌ను బోర్లా పడుకోబెట్టి ఆడించడం కూడా బావ ఆలోచనే. తను గోడ దగ్గరే కూర్చుని, ఆట మొదలయ్యే ముందు రోజూ ఒకటే మాట అడిగేవాడు.

"పండుకున్నవా బామ్మర్ది?"

చాప మీదికి మారిన రోజు నుంచి పైన రేకుల మీద చప్పుడు మొదలైంది. ఏదో చిన్నది, తేలికైనది, ఈ మూల నుంచి ఆ మూలకు పరుగెత్తేది. కోతులు అన్నాడు బావ. ఆ చుట్టుపక్కల కోతులు లేవు. వేడికి రేకులు చిటపటలాడుతున్నాయేమోనని దశరథ్ తనకు తనే సర్ది చెప్పుకున్నాడు.

ఆ రోజు అరుణమ్మ బంధువుల పెళ్లికి పోయింది. నడిమధ్యాహ్నం. బయట ఎండకు కాకి కూడా అరవడం లేదు. గదిలో దుప్పటి చీకటి, చెమట వాసన, పొద్దుటి పప్పు వాసన. దామోదర్ గోడ దగ్గర కాకుండా తలుపు దగ్గర కూర్చున్నాడు. బూట్లు విప్పలేదు. పక్కన సంచి ఉంది. డ్యూటీకి ఇంకా చాలా సమయం ఉంది కదా అని దశరథ్‌కు అనిపించింది గానీ, ఈలోపే బావ అడగాల్సింది అడిగాడు.

"పండుకున్నవా బామ్మర్ది?"

"పండుకున్న. ఆడు."

మిడత వచ్చింది. ఎడమకు. కుడికి. పైకి. దశరథ్ అనుకున్నట్టే దెబ్బ తిని పడ్డాడు. తెర ఎర్రబడింది. మిడత వచ్చి మీదికి వంగింది. ఇయర్‌ఫోన్లలో ఊపిరి... మెల్లగా, తడిగా.

"కొట్టు బావా."

గుండు పేలలేదు.

తెర మీద బావ బొమ్మ నిలబడే ఉంది. తుపాకి దించి ఉంది. ఎక్కణ్నుంచో వైరు కాలిన వాసన వచ్చింది. పైన రేకుల మీద పరుగు చుట్లు చుట్లుగా తిరిగి... తిరిగి... ఆగింది. సరిగ్గా చాప పైన. తుప్పు పొడి రాలి చెంప మీద పడింది.

"బావా..."

తలుపు మూసుకుంది. బయటి నుంచి గొళ్లెం పడింది. తలుపు సందులోంచి దామోదర్ గొంతు వినిపించింది. ఏడుస్తున్నట్టే ఉంది.

"లేవకు బామ్మర్ది. జర సేపే. నాకు సుత గిట్లనే చేసిన్రు."

దశరథ్‌ను లేపింది ధైర్యం కాదు, కోపం. చెవిలో ఊపిరి తగులుతుండగానే ఇయర్‌ఫోన్లు పీకి, ఒక్క ఉదుటున లేచి తలుపు మీద పడ్డాడు. వాడు నిలబడగానే పైన పరుగు మళ్లీ మొదలైంది. నిలబడ్డవాడి మీద అది ఆగదు. కూర్చున్నవాడి మీదా ఆగదు. బావ ఏడాదిగా గోడకు ఎందుకు అతుక్కున్నాడో అప్పుడు తెలిసింది. తనను కొల్లాపూర్ నుంచి ఎందుకు పిలిపించాడో కూడా తెలిసింది.

భయం కన్నా ముందు ఏడుపు వచ్చింది. ఉద్యోగం, జాగా, తన కంచంలో వేసిన రెండో గరిటె పప్పు... అన్నీ ఈ చాప కోసమేనా? ఒట్టు పెట్టింది ఎవరి మీద?

దామోదర్ ఫోన్ ఎత్తలేదు. అరుణమ్మ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. తోటి పనివాడు అంజన్న, పగటి డ్యూటీ దిగి వస్తానన్నాడు. దశరథ్ గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. పైన చాలాసేపు తిరిగిన పరుగు, పొద్దు వాలే వేళకు ఒక్కసారిగా ఆగిపోయింది. పోయిందో, పొంచి ఉందో తెలియలేదు. గదిలో చీకటి చిక్కబడుతుండగా ఫోన్ మోగింది. దామోదర్ నంబరు. గొంతు మాత్రం అక్కది.

"తమ్మీ, ఏం మందు పోసినవురా బావకు? బస్సు దిగి రాంగనే మంచం మీద పండుకున్నడు. కాళ్లు బార్ల చాపి, చిన్న పోరనోలె. ఏడాదికి సూస్తున్న నేను. నిద్ర పాడైతదని ఫోన్ నేనే బయటికి తెచ్చుకున్న."

అక్క సంతోషంతో నవ్వింది. ఏం చెప్పాలి ఆమెకు? నీ మొగుడు నన్ను ఎరగా పెట్టి వచ్చాడని చెప్పాలా? చేతిలో ఫోన్ బరువెక్కినట్టుంటే దశరథ్ స్పీకర్ పెట్టి మోకాలి మీద ఉంచాడు. అప్పుడు చూశాడు. గేమ్ దానంతట అదే తెరుచుకుంది. తన బొమ్మ తుపాకి పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా దామోదర్ పేరుతో ఒక బొమ్మ వెల్లకిలా పడి ఉంది. దాని మీదికి వంగి మిడత... కదలకుండా.

దామోదర్ ఫోన్ అక్క చేతిలో ఉంది. మరి ఆడుతున్నది ఎవరు?

"తమ్మీ," అక్క గొంతు తగ్గింది. "ఇంట్ల వైరు కాలిన వాసనొస్తాంది."

మిడత మెడ సరిగ్గా గురి మధ్యలో ఉంది. ఇన్నాళ్లు చిక్కనిది ఇప్పుడు చిక్కింది. బొటనవేలు ఆనిస్తే చాలు. దశరథ్ ఆనించలేదు. గొళ్లెం పడిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. పడి ఉండనీ, తెలిసిరానీ అనుకున్నాడు. అలా అనుకోవడం హాయిగానే ఉంది, అబద్ధమెందుకు.

"లోపటికొచ్చి బావను లేపుతాంటే కండ్లు తెరిచిండు గని లేస్తలేడు. మంచం కాడ ఎవరో వంగి... తమ్మీ..."

ఆ చివరి పిలుపుకు వాడి మనసు కరిగింది. బావ ఎటన్నా పోనీ, అక్క ఆ గదిలోనే ఉంది. నొక్కాడు.

గుండు మెడకు తగిలింది. మిడత పొడుగు కాళ్లు మడుచుకుని కూలిపోయింది. తెరంతా వెలుగు, బాజాలు, గెలిచినట్టు గుర్తు. దశరథ్ రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు, పడ్డ బొమ్మను పోయి లేపాలన్నది గుర్తుకే రాలేదు.

"లేచిండు తమ్మీ," అంది అక్క. ఊపిరి పీల్చుకుంది. "లేచి నిలబడ్డడు." ఏదో కింద పడి పగిలిన చప్పుడు. తర్వాత అక్క అరిచింది. "నా దిక్కు సూడకుంటనే ఉరికిండురా. గోడ మీదికెల్లి... మనిషి గంత జల్దీ ఎట్ల ఉరుకుతడు?"

లైన్ తెగిపోయింది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

కొల్లాపూర్ నుంచి షాద్‌నగర్‌కు రావాలంటే బస్సులో పూటంతా కూర్చోవాలి. దశరథ్ ఆ మాటే మనసులో అనుకుంటూ ఉన్నాడు. ఇంతలో బయట గొళ్లెం మెల్లగా జరిగింది. అంజన్న వచ్చాడని ప్రాణం లేచి వచ్చింది.

"అంజన్నా?"

తలుపు తెరుచుకోలేదు. సందులోంచి వైరు కాలిన వాసన లోపలికి వచ్చింది. ఆ వెనకే గొంతు, ఏమాత్రం ఆయాసం లేకుండా.

"పండుకున్నవా బామ్మర్ది?"