గ్రాఫు దిగిన సాయంత్రం

కొత్త బూట్లు కరుస్తాయని అందరికీ తెలుసు. మా బావగారి బూట్లు కిర్రుకిర్రుమంటాయి కూడా. వేసుకున్నాక వాపసు తీసుకోనన్నాడు షాపువాడు. మామూలు మనిషైతే సర్దుకుపోవచ్చు. మా బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య, గూఢచారి. పరమ రహస్యం కాబట్టి మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

కిర్రుమంటూనే చీఫ్ గదిలోకెళ్లాడు.

"ఏంటయ్యా ఆ చప్పుడు?"

"బూట్లు సార్."

"విప్పి విను."

చీఫ్ ఓ పల్చటి గోధుమరంగు షీటు చూపించాడు.

"పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్. ఇంకుతో పేపర్‌లా ప్రింటు చేస్తారు. చవక. కానీ ఈ రకం వెలుతురులో పెడితే నీరసిస్తుంది. కాసేపు చీకట్లో పడుకోబెడితే లేచి కూర్చుంటుంది."

"మా బావలాగా."

అంటే నేను.

"విదేశీ ముఠా వీటిని మన ఆస్పత్రులకి అంటగడుతోంది. ఎంతకాలం మన్నుతాయో ల్యాబ్‌లో నెలల తరబడి దీపాల కింద పెట్టి టెస్టు చేస్తున్నారు. ఈపాటికి చావాలి. చావట్లేదు. ఎవరో దొంగచాటుగా దీపాలార్పి వాటికి రెస్టిస్తున్నారు. పట్టుకో. సర్టిఫికెట్ మీద సంతకం పడిందా, రేపు ఆపరేషన్ మధ్యలో కరెంటు పోతుంది."

బావగారు ఏసీ మెకానిక్ వేషంలో ఆ ల్యాబ్‌లో చేరాడు. జేబులో మైకున్న పెన్ను. టెస్టింగ్ ఇన్‌చార్జి ఓ మేడమ్, ఆవిడ కింద ఓ అసిస్టెంటు. ఆవిడ నడిచొస్తే మీటర్లు కూడా తలెత్తి చూసేవట.

"మెకానిక్ గారూ, ఎంతసేపలా మెషిన్ని చూస్తారు, దానికీ సిగ్గుంటుంది. అలా బయటికెళ్దాం రండి."

వెళ్లాడు. తర్వాత చాలా సాయంత్రాలు వెళ్లాడు. పెన్నులో ఏం రికార్డయిందో అని చీఫ్ వింటే, నిండా ఆవిడ నవ్వే. పెళ్లికి కూడా ఒప్పుకుంది. మా ఆవిడ చీర కొనేసింది.

సంతకాల రోజు. ల్యాబ్ డైరెక్టర్ పెన్ను మూత తీశాడు. బావగారు ఊరికే గోడమీద సెల్స్ కరెంటు గ్రాఫు చూశాడు. గీత దిగుతోంది, ఉన్నట్టుండి లేస్తోంది. లేచిన తేదీలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. పార్కులో కూర్చున్న సాయంత్రం లేచింది. వానలో ఒకే గొడుగు కింద నడిచిన సాయంత్రం లేచింది. ఆవిడ చెయ్యి పట్టుకున్న సాయంత్రం మరీ లేచింది. ఈయన సుఖపడ్డప్పుడల్లా సెల్స్ కూడా సుఖపడ్డాయి.

పెన్ను కాగితానికి తగిలేలోపు లాక్కున్నాడు.

"ఆపండి సార్. నన్ను బయటికి తీసుకెళ్లింది ఈవిడ. ఆ టైములో దీపాలార్పింది ఈవిడ అసిస్టెంటు."

అసిస్టెంటు అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. మేడమ్ మాత్రం బేడీలు వేయించుకుంటూ నెమ్మదిగా అడిగింది.

"వంతెన మీద ఐస్‌క్రీమ్ తిన్న రోజు చూశావా?"

చూశాడు. ఆ సాయంత్రం గీత దిగింది. దీపాలు ఎవరూ ఆర్పలేదు.

"ఆ రోజు డ్యూటీ కాదు," అని జీపెక్కింది.

కుట్ర భగ్నం. బావగారికి మెడల్ ఇచ్చారు. అప్పట్నుంచీ మా సోఫాలో కూర్చుని, ఫోన్లో ఆ ఒక్క రోజు గీతని పెద్దది చేసి చూసుకుంటున్నాడు. అసిస్టెంటుకి ఆ రోజు జ్వరమొచ్చి రాలేదేమోనని ఆయన అనుమానం.

"జైలుకెళ్లి ఆ అసిస్టెంటునే అడిగేస్తే పోలా అన్నయ్యా," అంటుంది మా ఆవిడ.

బూట్లు వేసుకుంటాడు. గుమ్మం దాకా వెళ్తాడు. మళ్లీ విప్పేస్తాడు. అసిస్టెంటు జ్వరమన్నాడా, ఈ మనిషి మిగలడు. "మేడమే ఆర్పొద్దంది" అన్నాడా, అసలే మిగలడు.

అయ్యా, అమ్మా, అడగమనమంటారా, వద్దంటారా? మీకు పుణ్యముంటుంది, ఏదో ఒకటి చెప్పండి. మాకున్నది ఒక్కటే సోఫా.